స్లైడుకు ఎక్కేలోపు కణజాలానికి ఏమవుతుంది?

2018 మార్చిలో న్యూయార్క్ వైద్యుల బృందం ఒకటి ప్రచురించిన పరిశోధన పత్రం శరీర నిర్మాణ శాస్త్రంలో చిన్నపాటి దుమారమే రేపింది. ఎండోస్కోపీ గొట్టం ద్వారా పిత్తనాళంలోకి లేజర్ సూక్ష్మదర్శినిని పంపి, సజీవంగా ఉన్న కణజాలాన్ని అక్కడికక్కడే పరిశీలించినప్పుడు, నాళం లోపలి పొర కింద ద్రవంతో నిండిన గదులు ఒకదానితో ఒకటి కలిసి వలలా పరుచుకుని కనిపించాయి. పాఠ్యపుస్తకాల ప్రకారం అక్కడ ఉండవలసింది గట్టిగా అల్లుకుపోయిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల పొర. అటువంటి చోటి నుంచే ముక్క తీసి మామూలు పద్ధతిలో స్లైడు చేస్తే పుస్తకంలో ఉన్నట్టే కనిపించింది. గదులు లేవు, కొల్లాజెన్ మధ్య సన్నని చీలికలు మాత్రం అక్కడక్కడ ఉన్నాయి. ఆ చీలికలను పాథాలజిస్టులు, అంటే కణజాలాన్ని పరీక్షించి వ్యాధిని తేల్చే వైద్యులు, దశాబ్దాలుగా చూస్తూనే ఉన్నారు, కోతలో చిరిగిన జాడలని పక్కన పెడుతూనే ఉన్నారు. ముక్కను తీసిన వెంటనే గడ్డకట్టించి చూసినప్పుడు ఆ గదులు చాలావరకు చెక్కుచెదరకుండా దొరికాయి. మామూలు పద్ధతిలో కణజాలం నుంచి నీటిని తీసివేసే దశలో ద్రవం పోయి, గదులు కుంగి, గోడలు ఒకదానిపై ఒకటి పడి అతుక్కుపోతున్నాయని ఆ బృందం వివరించింది.

దీన్ని ‘కొత్త అవయవం’ అని పత్రికలు పెద్ద అక్షరాల్లో రాశాయి. అది అతిశయమే; కణాల మధ్య ద్రవం ఉంటుందన్న సంగతి వైద్యశాస్త్రానికి కొత్త కాదని పలువురు నిపుణులు వెంటనే అభ్యంతరం చెప్పారు. అయితే ఆ వివాదం ఎటు తేలినా, కణజాలాన్ని అధ్యయనం చేసే విధానం గురించి అది ఒక పాత నిజాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. సూక్ష్మదర్శిని కింద మనం చూసేది శరీరంలో ఉన్న కణజాలాన్ని కాదు; చంపి, గట్టిపరచి, నీరు తీసి, మైనం ఎక్కించి, పలుచగా కోసి, రంగు వేసిన ఒక తయారీని. ఈ దశల్లో ప్రతి ఒక్కటీ దేన్నో చూపించడానికి మరిదేన్నో తుడిచివేస్తుంది. ఏది తుడిచిపెట్టుకుపోయిందో తెలిసి ఉండటమే ఈ విద్యలో సగం.

కణజాలం అన్న భావన సూక్ష్మదర్శిని నుంచి పుట్టలేదు. 18వ శతాబ్దం చివర పారిస్‌లో జేవియర్ బిషా అనే యువ వైద్యుడు శవాలను కోసి, అవయవాల పొరలను విడదీసి, వాటిని ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆమ్లాల్లో నానబెట్టి, కుళ్లనిచ్చి, ఏది ఎలా మారుతుందో గమనించి, శరీరంలో 21 రకాల కణజాలాలు ఉన్నాయని తేల్చాడు. అప్పటి సూక్ష్మదర్శినుల్లో రంగు అంచులూ మసకలూ ఎక్కువ కాబట్టి ఆయన వాటిని నమ్మలేదు. 1802లో 30 ఏళ్లకే ఆయన మరణించాడు. కటకాలు మెరుగుపడ్డాక, 1839లో థియోడర్ ష్వాన్ జంతువుల శరీరం కూడా కణాలతోనే కట్టబడిందని వాదించాడు; 1858 నాటికి బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో వ్యాధిని కణంలోనే వెతకాలని బోధిస్తున్నాడు. బిషా చెప్పిన 21 రకాలు క్రమంగా కుదించుకుని నేడు పాఠశాలలో చెప్పే ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలు అనే నాలుగయ్యాయి.

నేటికీ ప్రపంచంలోని ఆసుపత్రులన్నిటిలో నడిచే ప్రధాన పద్ధతికి మూలం ఫార్మలిన్. 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ ఫార్మాల్డిహైడ్ క్రిములను చంపుతుందా లేదా అని పరీక్షిస్తూ, ఆ ద్రావణం తగిలిన తన వేళ్ల చర్మం గట్టిపడటం గమనించాడు. కణజాలాన్ని నిలవచేయడానికి అది పనికివస్తుందని ఆయనకు తట్టింది అక్కడే. ఇప్పుడు వాడే 10 శాతం ఫార్మలిన్‌లో దాదాపు 4 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అది ప్రొటీన్ అణువుల మధ్య వంతెనలు కట్టి వాటిని ఎక్కడివక్కడ బిగించివేస్తుంది. రక్తప్రసరణ ఆగిన కణంలో దాని సొంత ఎంజైములే దాన్ని జీర్ణించుకోవడం మొదలుపెడతాయి కాబట్టి, ఈ బిగింపు ఎంత త్వరగా జరిగితే అంత మంచిది. ఫార్మలిన్ మాత్రం తొందరపడదు. అది కణజాలంలోకి గంటకు సుమారు ఒక మిల్లీమీటరు లోతుకు, తరచుగా అంతకంటే తక్కువకే ఇంకుతుంది; ఇంకిన తరవాత వంతెనలు కట్టడానికి మరికొన్ని గంటలు పడుతుంది. శస్త్రచికిత్సలో తీసిన పెద్ద గడ్డను కోయకుండా అలాగే సీసాలో పడేస్తే, పైభాగం చక్కగా నిలవ ఉండి, నడిమి భాగం మర్నాటికి పాడైపోతుంది. ముక్కకు కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలన్న నియమమూ, పెద్ద నమూనాలను పలకలుగా చీల్చి ఉంచాలన్న నియమమూ ఇందుకే. చిన్న నర్సింగ్‌హోముల నుంచి ముక్కలు ఫార్మలిన్ బదులు సెలైన్‌లో వస్తున్నాయని పాథాలజిస్టులు గొణుక్కునేది కూడా ఇందుకే. సెలైన్ కణాలను తడిగా ఉంచుతుందే తప్ప నిలవ ఉంచదు.

ఈ దశలో జరిగే ఆలస్యం ఎంత దూరం పోతుందో రొమ్ము క్యాన్సర్ పరీక్షలో స్పష్టంగా కనిపిస్తుంది. గడ్డ కణాల కేంద్రకాల్లో ఈస్ట్రోజన్ గ్రాహకం ఉందా లేదా అన్నదాన్ని బట్టి టామాక్సిఫెన్ వంటి హార్మోన్ మందులు ఇవ్వాలో వద్దో నిర్ణయిస్తారు. ఆ గ్రాహకానికి అతుక్కునే ప్రతిదేహాన్ని (యాంటీబాడీని) స్లైడు మీద వేసి, అది అతుక్కున్న చోట గోధుమ రంగు తేలేలా చేస్తారు. కనీసం ఒక శాతం క్యాన్సర్ కేంద్రకాలకు ఆ రంగు పట్టినా గ్రాహకం ఉన్నట్టే లెక్క. ముక్క తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలనీ, అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలనీ అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ కట్టుబాటు తప్పితే, ఉన్న గ్రాహకం లేనట్టు కనిపించవచ్చు. రోగి ఏళ్ల తరబడి వాడవలసిన మందు ఆమె చీటీలోకి రాకుండానే పోవచ్చు. పరీక్ష చేసే యంత్రం ఎంత ఖరీదైనదన్నది ఇక్కడ తరవాతి మాట.

ఫార్మలిన్ తరవాత ముక్క ప్లాస్టిక్ క్యాసెట్‌లోకి వెళుతుంది. గాఢత పెంచుకుంటూ పోయే ఆల్కహాల్ తొట్టెలు దానిలోని నీటిని లాగివేస్తాయి, జైలీన్ ఆ ఆల్కహాల్‌ను తొలగిస్తుంది, 60 డిగ్రీల దగ్గర కరిగిన పారాఫిన్ మైనం ఆ ఖాళీలన్నిటిలోకి ఎక్కుతుంది. చల్లారాక మిగిలే మైనపు దిమ్మనే ప్రయోగశాలలో బ్లాక్ అంటారు. నీటితో పాటు ఇక్కడ కొవ్వు కూడా పోతుంది, ఎందుకంటే ఆల్కహాలూ జైలీనూ కొవ్వును కరిగించివేస్తాయి. సూక్ష్మదర్శిని కింద కొవ్వు కణజాలం ఖాళీ గుండ్రాల వలలా కనిపించడానికీ, ఫ్యాటీ లివర్ ఉన్న వ్యక్తి కాలేయంలో తెల్లని చిల్లులు కనిపించడానికీ కారణం అదే. పాథాలజిస్టు ఆ చిల్లును చూసి ‘కొవ్వు’ అని రాస్తాడు; కొవ్వు మాత్రం ఆ గాజు మీద లేదు. నిజంగా కొవ్వునే చూడాలంటే మైనం దారి వదిలి, ముక్కను గడ్డకట్టించి కోసి, ఆయిల్ రెడ్ ఓ వంటి రంగు వేయాలి.

బ్లాకును మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద బిగించి 3 నుంచి 5 మైక్రాన్ల మందంలో కోస్తారు; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎర్ర రక్తకణం వ్యాసమే దాదాపు 7 మైక్రాన్లు. రిబ్బనులా వచ్చే ఆ పొరలను గోరువెచ్చని నీటి తొట్టెలో తేల్చి, ముడతలు విప్పి, గాజు పలకతో పైకి ఎత్తుతారు. చూడటానికి తేలికైన ఈ పనికి ఏళ్ల చేతివాటం కావాలి, టెక్నీషియన్ పేరు మాత్రం రిపోర్టులో ఎక్కడా ఉండదు. కత్తి అంచులో గంటు ఉంటే పొర పొడవునా గీత పడుతుంది. నీటి తొట్టెను తుడవకపోతే ముందు కోసిన వేరొకరి ముక్క తాలూకు రేణువు వచ్చి ఈ స్లైడు మీద అతుక్కుంటుంది. అలాంటి రేణువులో క్యాన్సర్ కణాలుంటే పర్యవసానం ఏమిటో చెప్పనక్కరలేదు. అనుమానం వచ్చినప్పుడు బ్లాకును మరింత లోతుకు కోసి చూస్తారు, అవసరమైతే ఆ రేణువు డీఎన్ఏను రోగి డీఎన్ఏతో పోల్చుతారు.

ఇంత చేసినా పొర దాదాపు పారదర్శకంగానే ఉంటుంది. మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీసే హెమటాక్సిలిన్, కృత్రిమంగా తయారయ్యే ఇయోసిన్ అనే రెండు రంగులు దానికి రూపమిస్తాయి. 1870ల నుంచి ఈ జంట వాడుకలో ఉంది. ఆక్సీకరణం చెంది అల్యూమినియం లవణంతో కలిసిన హెమటాక్సిలిన్ కేంద్రకంలోని డీఎన్ఏకు నీలి ఊదా రంగునిస్తే, ఇయోసిన్ కణద్రవ్యంలోని ప్రొటీన్లకూ కొల్లాజెన్‌కూ గులాబీ రంగునిస్తుంది. కేంద్రకం ఎంత పెద్దది, ఎంత ముదురు, అంచు ఎంత వంకర, విభజన ఎన్ని చోట్ల జరుగుతోంది అన్న ప్రశ్నలకు ఈ రెండు రంగులు చాలు. ఈ రెండింటికీ పట్టుబడని వాటికి వేరే రంగులున్నాయి: క్షయ బాక్టీరియాకు జీల్-నీల్సన్, ఇనుముకు పెర్ల్స్, కణజాలంలో అసాధారణంగా పేరుకునే ఎమిలాయిడ్ ప్రొటీన్‌కు కాంగో రెడ్. ఏ రంగు అడగాలో తెలియాలంటే ముందు ఏదో ఒక అనుమానం ఉండాలి. అందుకే రోగి వయసు, లక్షణాలు, స్కాన్ వివరాలు రాయకుండా ‘ముక్క పరీక్ష’ అని మాత్రమే రాసి పంపే చీటీ పాథాలజిస్టు చేతులు కట్టివేస్తుంది.

మూడు కొలతల నిర్మాణాన్ని రెండు కొలతల్లో చదవడం మరో చిక్కు. పొట్లకాయను అడ్డంగా కోస్తే చక్రాలు వస్తాయి, నిలువుగా కోస్తే దోనె వస్తుంది, పక్కనుంచి చెక్కు మాత్రమే తీస్తే లోపల గుల్ల ఉన్న సంగతే తెలియదు. పేగులోని గ్రంథులు, మూత్రపిండ నాళికలు, రక్తనాళాలు అన్నీ ఇలాంటి గొట్టాలే. పేగు లోపలి వేళ్లవంటి చూషకాలను వంకరగా కోస్తే అవి పొట్టిగా, మొద్దుగా కనిపించి, గోధుమ ప్రొటీన్ పడకపోవడం వల్ల వచ్చే సీలియాక్ వ్యాధిగా పొరబడే ప్రమాదం ఉంది. కొత్తగా చేరిన పీజీ విద్యార్థులు మొదట నేర్చుకోవలసింది వ్యాధుల పేర్లు కాదు, ఈ కోతల జ్యామితి.

ఒకే ముక్కను మూడు విధాలుగా బలిపెట్టవలసి వచ్చే సందర్భం మూత్రపిండ బయాప్సీ. సూదితో తీసే ఆ ముక్క సుమారు ఒక మిల్లీమీటరు మందం, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు ఉండే దారపు పోగు. దానిలో ఒక భాగం ఫార్మలిన్‌లోకి వెళుతుంది. వడపోత గుచ్ఛాల్లో పేరుకున్న ప్రతిదేహాలను మెరిసే రంగుతో చూడాలంటే ఫార్మలిన్ అడ్డు వస్తుంది కాబట్టి మరో భాగాన్ని దానికి దూరంగా ఉంచి గడ్డకట్టిస్తారు. ఐజీఏ అనే ప్రతిదేహం పేరుకునే ఐజీఏ నెఫ్రోపతీ వ్యాధి సాధారణంగా బయటపడేది ఈ భాగంలోనే. మూడో భాగం గ్లూటరాల్డిహైడ్ అనే మరో నిలవచేసే రసాయనంలో పడి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి వెళుతుంది. ఒళ్లంతా నీరు పట్టి, మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోతున్న వ్యక్తి మూత్రపిండం మొదటి భాగంలో దాదాపు మామూలుగా కనిపించవచ్చు, రెండో భాగంలోనూ ఏమీ మెరవకపోవచ్చు. ‘మినిమల్ చేంజ్ డిసీజ్’ అన్న పేరు అలా వచ్చిందే. వడపోత పొరను కప్పి ఉండే కణాల పాదాలు చదునై ఒకదానిలో ఒకటి కలిసిపోయాయన్న సంగతి మూడో భాగంలో మాత్రమే తెలుస్తుంది. పైగా ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛాలుంటే, బయాప్సీలో దొరికేవి పదో ఇరవయ్యో. కొన్నిటిలో మాత్రమే మచ్చ కట్టే వ్యాధి అయితే, ఆ కొన్ని సూదికి తగలకపోనూవచ్చు.

చూసిన దానికి అర్థం చెప్పడంలో ఎంత తేడా రావచ్చో నాడీ కణజాలం చరిత్ర చెబుతుంది. 1873లో ఇటలీలో కామిల్లో గోల్జీ, పొటాషియం డైక్రోమేట్, సిల్వర్ నైట్రేట్‌లతో కొద్ది నాడీకణాలను మాత్రమే, కానీ కొమ్మలతో సహా పూర్తిగా నల్లబరిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ ఎంపిక ఎందుకు జరుగుతుందో నేటికీ పూర్తిగా తేలలేదు. అన్ని కణాలూ నల్లబడి ఉంటే మాత్రం ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. అదే పద్ధతిని మెరుగుపరచి, ఇంకా కొవ్వు తొడుగులు ఏర్పడని లేత మెదళ్ల మీద వాడిన స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్, ప్రతి నాడీకణమూ విడిగా ఉందన్నాడు. గోల్జీ మాత్రం అవన్నీ కలిసిన ఒకే వల అని కడదాకా నమ్మాడు. 1906లో నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఆ వేదిక మీద గోల్జీ చేసిన ప్రసంగం కహాల్ సిద్ధాంతాన్ని ఖండించడానికే సరిపోయింది. ఒకే రంగు, ఒకే రకం స్లైడ్లు, రెండు విరుద్ధ నిర్ణయాలు. కాంతి సూక్ష్మదర్శిని దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదని ఎర్న్‌స్ట్ అబ్బే సూత్రీకరించింది కూడా యాదృచ్ఛికంగా 1873లోనే. రెండు నాడీకణాల మధ్య సందు సుమారు 20 నానోమీటర్లు. 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆ సందును చూపేదాకా కహాల్ వాదన బలమైన ఊహగానే మిగిలింది.

అలాగని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని మాటే తుది మాట అనుకోవడానికి వీల్లేదు. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివిన చాలామందికి బాక్టీరియా కణంలో లోపలికి మడతపడిన ‘మీసోసోమ్’ గుర్తుండే ఉంటుంది. దానికి శ్వాసక్రియలోనూ కణవిభజనలోనూ పాత్రలు కూడా అంటగట్టారు. రసాయనాలు వాడకుండా అతివేగంగా గడ్డకట్టించి చూసినప్పుడు ఆ మడతలు కనిపించలేదు. నిలవచేసే రసాయనాలే వాటిని పుట్టించాయన్న అభిప్రాయానికి శాస్త్రవేత్తలు వచ్చి దశాబ్దాలైంది. పాఠ్యపుస్తకాల్లోంచి అది కదలడానికి మాత్రం తీరిక దొరకలేదు.

గడ్డకట్టించడం ఆపరేషన్ థియేటర్‌కూ పనికివస్తుంది. రోగి బల్ల మీద ఉండగానే ముక్కను సున్నాకు దిగువన 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, కోసి, రంగు వేసి, సుమారు ఇరవై నిమిషాల్లో పాథాలజిస్టు కబురు పంపుతాడు. దీన్ని 1905లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లూయీ విల్సన్ ఆచరణలోకి తెచ్చాడు. మంచు స్ఫటికాలు కణాలను చీల్చడం వల్ల బొమ్మ ముతకగా ఉంటుంది కాబట్టి, కోత అంచులో క్యాన్సర్ మిగిలిందా వంటి సూటి ప్రశ్నలకే దీన్ని వాడతారు.

బతికున్న కణాలను చూడాలన్న కోరిక వేరే దారి పట్టింది. 1907లో రాస్ హారిసన్ కప్ప పిండం నాడీ కణజాలాన్ని శోషరస బిందువులో ఉంచి నాడీ తంతువు పెరగడాన్ని కళ్లారా చూశాడు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి ఆమెకు చెప్పకుండానే తీసిన కణాలు, ప్రయోగశాలలో ఆగకుండా పెరిగే మొదటి మానవ కణశ్రేణి అయిన ‘హీలా’ అయ్యాయి. మామూలు మానవ కణంలో 46 క్రోమోజోములు ఉంటే వీటిలో 70కి పైనే ఉంటాయి. పైగా అవి పక్క పాత్రల్లోకి చేరి అక్కడి కణాలను తోసిరాజన్నాయి. వేర్వేరు అవయవాలవని నమ్మి వాడుతున్న అనేక కణశ్రేణులు నిజానికి హీలాయేనని 1966లో స్టాన్లీ గార్ట్లర్ చూపినప్పుడు ఎందరో ఏళ్ల శ్రమ ప్రశ్నార్థకమైంది. ప్లాస్టిక్ పాత్ర అడుగున చదునుగా, పొరుగు కణాలు లేకుండా పెరిగే కాలేయ కణం కాలేయంలో ఉన్నట్టు ప్రవర్తించదు. మూలకణాల నుంచి జెల్‌లో బుల్లి పేగులా, బుల్లి కాలేయంలా పెంచే ఆర్గనాయిడ్లు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి, రక్తనాళాలు మాత్రం చాలావాటిలో ఉండవు.

గత పదిహేనేళ్ల మార్పు కణాన్ని చూడటం నుంచి చదవడం వైపు సాగింది. కణజాలాన్ని ఎంజైములతో విడగొట్టి, ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో వాటి ఆర్ఎన్ఏను బట్టి లెక్కకట్టవచ్చు. మానవ శరీరంలోని కణాలన్నిటినీ ఇలా జాబితా చేసే హ్యూమన్ సెల్ అట్లాస్ ప్రయత్నం 2016లో మొదలైంది. దీని బలం ఏమిటో 2018లో శ్వాసనాళం విషయంలో తెలిసింది. ఊపిరితిత్తుల్లో చిక్కని శ్లేష్మం పేరుకునే వంశపారంపర్య వ్యాధి సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు కారణమైన సీఎఫ్‌టీఆర్ జన్యువును 1989లోనే గుర్తించారు. శ్వాసనాళపు పొరలో వందకు ఒకటి కూడా ఉండని ఒక అరుదైన రకం కణాల్లో ఆ జన్యువు అత్యధికంగా పనిచేస్తోందని రెండు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి. ఆ కణాలకు ‘అయనోసైట్లు’ అని పేరుపెట్టారు. గులాబీ, ఊదా రంగుల స్లైడులో వాటిని పొరుగు కణాల నుంచి వేరుచేసే గుర్తేదీ లేదు.

ఇక్కడా మినహాయింపులు తప్పవు. ఎంజైములతో విడగొట్టేటప్పుడు కొవ్వు కణాలు, నాడీకణాలు వంటి సున్నితమైనవి చితికిపోతాయి. తట్టుకున్న కణాల్లో ఆ వేడికీ ఒత్తిడికీ స్పందించే జన్యువులు మేల్కొని, రోగలక్షణంలా భ్రమింపజేస్తాయి. అన్నిటికంటే పెద్ద నష్టం చిరునామా: ఏ కణం పక్కన ఏ కణం ఉండేదో తెలియకుండా పోతుంది. గడ్డలోకి చొరబడిన రోగనిరోధక కణాలు క్యాన్సర్ కణాలను చుట్టుముట్టాయా లేక గట్టుమీదే ఆగిపోయాయా అన్నది చికిత్సకు ముఖ్యమైనప్పుడు, ఆ కణాల సంఖ్య ఒక్కటే తెలిసి లాభం లేదు. పలుచని పొరను గాజు మీద ఉంచే, చోటు చోటుకీ ఆర్ఎన్ఏను చదివే కొత్త పద్ధతులు అందుకే వచ్చాయి. విచిత్రమేమిటంటే, వాటి ఫలితాలను అర్థం చేసుకోవడానికి అదే పొరను, లేదా పక్క పొరను, హెమటాక్సిలిన్-ఇయోసిన్ రంగులతో చూసుకోవలసి వస్తోంది.

ఈ కొత్త పద్ధతుల్లో కొన్ని పాత మైనపు దిమ్మల మీద కూడా పనిచేస్తాయి. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో మరణించిన అమెరికన్ సైనికుల ఊపిరితిత్తుల ముక్కలు ఫార్మలిన్‌లో తడిసి, మైనంలో ఇమిడి వాషింగ్టన్‌లోని సైనిక పాథాలజీ సంస్థ భాండాగారంలో ఉండిపోయాయి. ఫార్మలిన్ ఆర్ఎన్ఏను తునకలు చేస్తుంది. ఆ తునకల నుంచే 1997లో జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందం ఆ వైరస్ జన్యువుల భాగాలను చదవగలిగింది. 1918లో ఆ ముక్కలను నిలవచేసిన వారికి ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వస్తుందన్న సంగతే తెలియదు. జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని తదుపరి చికిత్సకు హైదరాబాద్‌కో విశాఖపట్నానికో వచ్చే క్యాన్సర్ రోగిని అక్కడి వైద్యులు రిపోర్టుతో సరిపెట్టుకోక ‘బ్లాకులు తెచ్చారా’ అని అడిగేది కూడా ఇలాంటి కారణంతోనే: రిపోర్టులో ఒక పాథాలజిస్టు ఒకనాడు అడిగిన ప్రశ్నలకు జవాబులే ఉంటాయి, బ్లాకును మళ్లీ కోసి వేరే ప్రశ్న అడగవచ్చు.